తయారీ ఆపేస్తే చాలదా? కట్టుకున్న సైక్లిన్‌ను కణం ఎందుకు కూల్చుకుంటుంది?

వంశధార మాస్టారు (గుణుపురం) – ఆదివారం, రాత్రి 8:40

అందరికీ నమస్కారం. గుణుపురంలో ప్లస్ టూ పిల్లలకు జీవశాస్త్రం చెబుతాను. నా దగ్గరకు వచ్చే పిల్లల్లో చాలామందికి ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా, పుస్తకంలో ఇంగ్లీషు. అందుకని ప్రతి పాఠాన్నీ ముందు తెలుగులో నాకు నేను చెప్పుకుని చూస్తాను. అలా చెప్పలేకపోతే నాకే సరిగా అర్థం కాలేదని లెక్క.

మొన్న శుక్రవారం ఉల్లి వేరు కొనలతో ప్రయోగం చేయించాను. సీసా మూతి మీద ఉల్లిపాయ నిలబెట్టి మొలిపించిన వేర్లు, ఎసిటోకార్మిన్ రంగు, దీపం మీద కాస్త వెచ్చచేయడం, గాజుపలక మీద బొటనవేలితో నొక్కడం, అంతా మామూలే. ఒక అమ్మాయి సూక్ష్మదర్శిని దగ్గర నుంచి ఎంతకూ కదలలేదు. "సార్, ఇన్ని కణాలున్నాయి కదా, విడిపోతున్నవి పదో పన్నెండో. మిగతా వాటికి వేళ అయిందని ఎవరు చెబుతారు?" అని అడిగింది.

సైక్లిన్ అనే ప్రోటీన్ సంగతి చెప్పాను. కణంలో అది కొంచెం కొంచెంగా పోగవుతుందని, కణంలో ఎప్పుడూ ఉండే సీడీకే అనే ఎంజైముతో జతకట్టి కణాన్ని విభజనలోకి తోస్తుందని, పని కాగానే కణమే దాన్ని నాశనం చేస్తుందని చెప్పాను. ఆ అమ్మాయి వెంటనే, "అంత కష్టపడి తయారుచేసుకున్నదాన్ని నాశనం చేయడం ఎందుకు? తయారీ ఆపేస్తే చాలదా?" అంది.

"అలా చేయకపోతే విభజన ముగియదు" అన్నాను. అది జవాబు కాదని నాకు తెలుసు, ఆమెకూ తెలిసిపోయింది. రెండు రాత్రులుగా ఇదే ఆలోచన. తెలిసినవారు వివరంగా చెప్పండి.

ప్రాణహిత తీరం (సిరొంచ, గడ్చిరోలి జిల్లా) – ఆదివారం, రాత్రి 9:25

మాస్టారూ, నేను రసాయనశాస్త్రం చెప్పి విశ్రాంతి తీసుకున్నవాణ్ణి. జీవశాస్త్రం నా చదువు కాదు కానీ ఈ ప్రశ్నకు లెక్కలోనే సగం జవాబు ఉంది.

నీళ్ల తొట్టి ఒకటి ఊహించుకోమనండి. పైన కుళాయి, అడుగున తూము. కుళాయి కట్టేసినంత మాత్రాన తొట్టి ఖాళీ కాదు. ఎంత త్వరగా ఖాళీ అవుతుందో చెప్పేది తూమే.

ఇప్పుడు అంకెలు. ఒక ప్రోటీన్ అర్ధాయువు, అంటే ఉన్నది సగానికి తగ్గే కాలం, 20 గంటలు అనుకుందాం. తయారీ పూర్తిగా ఆపేశాక ఒక గంటకు ఎంత మిగులుతుంది? నూటికి దాదాపు 97 వంతులు. మనిషి కణంలో సమవిభజన మొత్తం సుమారు గంటలో ముగిసిపోతుంది. ఆ గంటలో నూటికి మూడు వంతులు తగ్గితే ఎవరికి తెలుస్తుంది? అదే అర్ధాయువు 5 నిమిషాలైతే గంటలో పన్నెండు సార్లు సగమవుతుంది. అంటే 4,096వ వంతు మిగులుతుంది, లేనట్టే లెక్క. కణం రెండుగా చీలితే ప్రోటీన్ కూడా పంచబడుతుంది కదా అని ఎవరైనా అనవచ్చు. దానివల్ల ఒక్కో పిల్లకణానికి సగం వస్తుందే గాని గాఢత తగ్గదు. కణం సగమైంది, సరుకూ సగమైంది.

ఇంకొకటి కూడా ఉంది. ఇది నా విద్యార్థులకు చెప్పిన ప్రతిసారీ వాళ్లు ఒక పట్టాన నమ్మేవారు కాదు. తయారీ పెంచినప్పుడు ప్రోటీన్ కొత్త మట్టానికి ఎంత త్వరగా చేరుతుందో నిర్ణయించేది కూడా తూమే. త్వరగా నశించే ప్రోటీన్ త్వరగా కొత్త మట్టానికి చేరుతుంది, నిదానంగా నశించేది నిదానంగానే చేరుతుంది. కాగితం మీద వేసి చూడండి. నాశనం లేని చోట మార్పుకు వేగం ఉండదు.

నాగావళి ఒడ్డు (రాయగడ) – ఆదివారం, రాత్రి 10:05

మాస్టారూ, మన పిల్లలకు అయితే రథం చూపించండి. పూరీలో జగన్నాథుని రథాలు ఏటేటా కొత్తవి కడతారు. అక్షయ తృతీయ నాడు పని మొదలవుతుంది, యాత్ర ముగిశాక విప్పేస్తారు. నిరుటి రథాన్ని ఎవరూ దాచిపెట్టరు. వచ్చే యాత్రకు మళ్లీ కొత్త కలప రావాల్సిందే. దేవుడు అక్కడే ఉంటాడు, రథమే వచ్చి పోతుంటుంది. సీడీకే ఎప్పుడూ కణంలో ఉండేది, సైక్లిన్ వచ్చి పోయేది అని మీరు చెబుతుంటే నాకు ఇదే తట్టింది. నేను బీఎస్సీ రెండో ఏట చదువు ఆపేశాను. తప్పైతే సరిదిద్దండి.

కణ పరిశోధిని (పర్లాకిమిడి) – సోమవారం, ఉదయం 6:50

రాయగడ అక్కా, మీ పోలిక చాలా బాగుంది. ఒక్క చోట అది చాలదు, చివర్లో చెబుతాను. నేను కణవిభజన మీదనే పరిశోధన చేస్తున్నాను, సెలవుకు ఇంటికి వచ్చాను. కాస్త వివరంగా రాస్తాను, ఓపికగా చదవండి.

ముందుగా, ఇది బయటపడిన తీరు. 1982 వేసవిలో టిమ్ హంట్ అమెరికాలోని వుడ్స్ హోల్‌లో సముద్రపు అర్చిన్ గుడ్లతో పనిచేస్తున్నాడు. ఫలదీకరణ తరువాత ఆ గుడ్లన్నీ ఇంచుమించు ఒకేసారి విభజన చెందుతాయి, అందువల్ల లక్షల కణాలను ఒకే కణంలా చూడవచ్చు. కొత్తగా తయారయ్యే ప్రోటీన్లను గుర్తుపట్టడానికి మెథియోనిన్ అనే అమైనో ఆమ్లాన్ని రేడియోధార్మిక రూపంలో ఇచ్చి, కొద్ది నిమిషాలకొకసారి నమూనా తీసి, ప్రోటీన్లను పరిమాణాన్ని బట్టి గీతలుగా విడదీసే జెల్ మీద నడిపాడు. ప్రోటీన్ల గీతలన్నీ కాలం గడిచేకొద్దీ నల్లబడుతూ పోవాలి కదా, కొత్త సరుకు చేరుతూనే ఉంటుంది. ఒక గీత మాత్రం నల్లబడి, కణం విడిపోయే ముందు చెరిపేసినట్టు మాయమైంది. తరువాతి చక్రంలో మళ్లీ కనిపించింది, మళ్లీ మాయమైంది. దానికే సైక్లిన్ అని పేరు పెట్టాడు. ఆ పని 1983లో అచ్చయింది. ఆ రోజుల్లో, కణం ఒక ప్రోటీన్‌ను వేళకు చంపుతుందన్న మాట ఎంత కొత్తదో ఊహించండి. లేలాండ్ హార్ట్‌వెల్, పాల్ నర్స్‌లతో కలిపి హంట్‌కు 2001లో నోబెల్ ఇచ్చారు.

ఇక మాస్టారి విద్యార్థిని ప్రశ్నకు నేరుగా జవాబిచ్చిన ప్రయోగం 1989 నాటిది. ఆండ్రూ ముర్రే, మార్క్ కిర్ష్‌నర్ కప్ప గుడ్ల నుంచి తీసిన రసంతో చేశారు. ఆ రసంలో గాజు గొట్టంలోనే కణచక్రం నడుస్తుంది. వారు అందులోని సందేశ ఆర్‌ఎన్‌ఏను, అంటే ప్రోటీన్ల తయారీకి సూచనలు మోసేదాన్ని, అంతటినీ నాశనం చేశారు. చక్రం ఆగిపోయింది. అప్పుడు ఒక్క సైక్లిన్ సందేశాన్ని మాత్రమే తిరిగి చేర్చారు. చక్రం మళ్లీ నడిచింది! కొత్తగా తయారు కావలసిన ప్రోటీన్ అదొక్కటే అన్నమాట. తరువాత మొదటి భాగం కత్తిరించిన సైక్లిన్ ఇచ్చారు. అది సీడీకేతో చక్కగా జతకడుతుంది, పని చేస్తుంది, కాని దాన్ని నాశనం చేయడం కణం తరం కాదు. ఆ రసం విభజన దశలోకి వెళ్లి అక్కడే నిలిచిపోయింది. బయటకు రాలేదు. "తయారీ ఆపేస్తే చాలదా?" అన్న ప్రశ్నకు కప్ప గుడ్డు చెప్పిన జవాబు ఇది.

ఆ కత్తిరించిన భాగంలో ఏముందో 1991లో తేలింది. కొద్ది అమైనో ఆమ్లాల చిన్న వరుస. దాన్ని నాశన పేటిక అనవచ్చు. ఏపీసీ అనే పెద్ద ప్రోటీన్ సముదాయం ఆ వరుసను పట్టుకుని, సైక్లిన్ మీద యుబిక్విటిన్ ముద్రలు వేస్తుంది. యుబిక్విటిన్ 76 అమైనో ఆమ్లాల చిన్న ప్రోటీన్. మన ఏజెన్సీ అడవుల్లో కొట్టాల్సిన చెట్టుకు ముందు ముద్ర వేస్తారు చూడండి, అలాంటిదే. ముద్ర పడిన ప్రోటీన్ ప్రోటియాసోమ్ అనే పీపాలోకి వెళుతుంది. అది దాన్ని ముక్కలు చేస్తుంది. యుబిక్విటిన్‌ను మాత్రం ముందే విడదీసి మళ్లీ వాడుకుంటారు. ఈ ముద్రల పద్ధతిని కనుగొన్నందుకు సీషనోవర్, హెర్ష్‌కో, రోజ్‌లకు 2004లో రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది.

ఇప్పుడు రథం పోలిక చాలని చోటు. రథాన్ని విప్పేది మనుషులు, రథం కాదు. కణంలో అలా కాదు. సైక్లిన్ బీ (విభజన వేళ పనిచేసే సైక్లిన్ రకం), సీడీకే కలిసిన జంటే ఏపీసీకి ఫాస్ఫేట్లు తగిలించి దాన్ని పనికి సిద్ధం చేస్తుంది. అంటే తనను కూల్చే చేతిని తానే మేల్కొలుపుతుంది. పోగవడం, పనిచేయడం, తన నాశనాన్ని పిలవడం, ఆపైన మళ్లీ మొదటికి రావడం, ఇవన్నీ ఒకే గొలుసు. బయట నుంచి ఎవరూ గంట కొట్టనక్కరలేకుండానే చక్రం తిరుగుతుంది. నేను ఈ రంగంలోకి రావడానికి కారణం ఈ ఒక్క సంగతే.

వంశధార మాస్టారు (గుణుపురం) – సోమవారం, రాత్రి 9:10

తల్లీ, ఎంత బాగా చెప్పారు. మధ్యాహ్నం భోజనం మాని చదివాను.

ఒక సందేహం. సైక్లిన్ నశించగానే జంట క్రోమాటిడ్లు, అంటే ఒక్కో క్రోమోజోము రెండు ప్రతులు, విడిపోయి చెరో వైపు వెళతాయని ఇన్నాళ్లుగా పిల్లలకు చెబుతున్నాను. మీరు రాసిన ప్రయోగంలో నశించని సైక్లిన్ ఇస్తే అంతా ఆగిపోయిందన్నారు. అంటే క్రోమాటిడ్లు కూడా విడిపోలేదనే కదా?

కణ పరిశోధిని (పర్లాకిమిడి) – సోమవారం, రాత్రి 10:30

అక్కడే చాలామంది పొరబడతారు, మాస్టారూ. నేనూ మొదట అలాగే అనుకున్నాను. 1993లో దీన్ని విడిగా పరీక్షించారు. నశించని సైక్లిన్ ఇచ్చినా క్రోమాటిడ్లు విడిపోయాయి! కేంద్రకం మళ్లీ ఏర్పడటం, విభజన దశ నుంచి బయటపడటం మాత్రం జరగలేదు. కాబట్టి క్రోమాటిడ్లను విడదీయాలంటే వేరే ఏదో నశించాలి.

ఆ వేరేది సెక్యూరిన్. జంట క్రోమాటిడ్లను కొహెసిన్ అనే ఉంగరం పట్టి ఉంచుతుంది. దాన్ని కోసే కత్తి సెపరేజ్. ఆ కత్తికి ఒర సెక్యూరిన్. ఏపీసీ ముద్ర వేయగానే ఒర పోతుంది, కత్తి బయటపడుతుంది, ఉంగరాలు తెగుతాయి. అదే ఏపీసీ అదే సమయంలో సైక్లిన్ బీకి కూడా ముద్ర వేస్తుంది, అది రెండో దారి. విడదీయడం సెక్యూరిన్ పోవడం వల్ల, విభజన ముగియడం సైక్లిన్ పోవడం వల్ల. ఒకే చేయి రెండు పనులూ ఇంచుమించు ఒకేసారి చేస్తుంది కాబట్టి మనకు ఒకటే అనిపిస్తుంది.

ఇంకోటి గమనించండి. కోసిన ఉంగరాన్ని తిరిగి అతికించే దారి లేదు, నాశనమైన సెక్యూరిన్‌కు తిరిగి రావడం లేదు. ఫాస్ఫేటు తగిలించి ఆపేసిన ప్రోటీన్‌ను ఫాస్ఫేటు తీసేస్తే మళ్లీ నడిపించవచ్చు. ముక్కలు చేసినదాన్ని అలా నడిపించలేం, మొదటి నుంచి కట్టుకోవాలి. విభజన సగంలో వెనక్కి తిరగకూడదు. అందుకే వెనక్కి తిరగలేని అడుగుల దగ్గర కణం నాశనాన్నే ఎంచుకుంది. మీ అమ్మాయికి నేను ముందుగా చెప్పేది ఇదే, సిరొంచ వారి లెక్క దాని తరువాత చెబుతాను.

ప్రాణహిత తీరం (సిరొంచ) – సోమవారం, రాత్రి 10:55

ఒప్పుకోను. లెక్కే ముందు. వెనక్కి తిరగలేకపోవడం ఎంత ముఖ్యమో, నిమిషాల్లో జరగడం అంతే ముఖ్యం. నెమ్మదిగా నశించినా తిరిగి రాదు కదా, మరి కణం అంత తొందర ఎందుకు పడుతుంది?

కణ పరిశోధిని (పర్లాకిమిడి) – సోమవారం, రాత్రి 11:15

మీ మాటలో బలం ఉంది. నెమ్మదిగా నశిస్తే కొన్ని క్రోమోజోములు ముందు, కొన్ని వెనుక విడిపోతాయి, పంపకం చెడుతుంది. అన్నీ ఒక్క క్షణాన విడిపోవాలంటే వేగం తప్పదు. రెండూ కలిస్తేనే జవాబు పూర్తవుతుంది. నా వరుసను వెనక్కి తీసుకుంటున్నాను.

జయపురం డాక్టరు (జయపురం, కొరాపుట్ జిల్లా) – మంగళవారం, ఉదయం 7:30

నిన్న రాత్రి విధుల్లో ఉండి ఇప్పుడే చదివాను. ముద్ర ఎప్పుడు వేయాలో ఏపీసీకి ఎలా తెలుస్తుందన్నది మిగిలిపోయింది. నా రోగులకు అందే మందుల్లో కొన్నింటికి అదే ఆధారం.

విభజనలో క్రోమోజోములను చెరో వైపు లాగే కండె తంతువులు ప్రతి క్రోమోజోమునూ రెండు వైపుల నుంచి పట్టుకోవాలి. ఒక్కటి పట్టు దొరకకుండా మిగిలినా అది ఆపు సంకేతం పంపుతూనే ఉంటుంది. ఈ దశలో సీడీసీ20 అనే సహాయకుడు లేనిదే ఏపీసీ పనిచేయదు, ఆ సంకేతం సీడీసీ20ని కట్టిపడేస్తుంది. 1995లో పొటొరూ అనే ఆస్ట్రేలియా జంతువు కణాల్లో దీన్ని చాలా నేర్పుగా చూపించారు. పట్టు దొరకని ఆఖరి క్రోమోజోము అతుకు స్థానాన్ని లేజరు కిరణంతో కాల్చేశారు. ఆ క్రోమోజోముకు పట్టు దొరకలేదు, అయినా సంకేతం ఆగింది కనుక కణం ముందుకు సాగిపోయింది. ఆపుతున్నది ఆ ఒక్క చోటే అని తేలిపోయింది.

మన ఇళ్ల ముందు పెరిగే బిళ్లగన్నేరు నుంచి విన్‌క్రిస్టిన్, విన్‌బ్లాస్టిన్ అనే మందులు వస్తాయి. పిల్లల రక్త కాన్సరులో విన్‌క్రిస్టిన్ ఎన్నో ఏళ్లుగా వాడుతున్నాం. అది కండె తంతువులు కట్టకుండా అడ్డుకుంటుంది. పట్టు దొరకదు, ఆపు సంకేతం ఆగదు, ఏపీసీ కదలదు, సైక్లిన్ బీ నశించదు. కణం విభజనలోనే గంటల తరబడి నిలిచి చాలాసార్లు చనిపోతుంది. మాస్టారూ, మీ విద్యార్థినికి ఈ మొక్క చూపించి చెప్పండి.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పాలి. షుగరు తగ్గుతుందని బిళ్లగన్నేరు ఆకులు నమిలేవారు నా దగ్గరకు వస్తుంటారు. దయచేసి ఆ పని చేయవద్దు. అది విభజనను ఆపే విషం. కొలిచి, శుద్ధి చేసి, రక్తపరీక్షలు చూసుకుంటూ ఇస్తేనే మందు.

మహేంద్రతనయ (పర్లాకిమిడి) – మంగళవారం, సాయంత్రం 6:20

నేను తెలుగు పంతులును. శాస్త్రం చెప్పలేను, మాటల గురించి చెబుతాను. కండె అన్న మాట చూసి సంతోషం కలిగింది. అది నేతగాళ్ల మాట, నూలు చుట్టే కండె. బరంపురం పట్టు నేసే మగ్గాల దగ్గర ఇప్పటికీ వినవచ్చు. ఎవరో మంచి చెవి ఉన్నవారు పాఠ్యపుస్తకంలో పెట్టారు.

మన ప్రాంతంలో మాటలు కలగాపులగం అవుతాయి. ఒడియాలో ప్రోటీన్‌ను పుష్టిసార అంటారు, మనం మాంసకృత్తు అన్నాం. కణానికి ఒడియాలో కోష, మరాఠీలో పేశి. పేశి అంటే మనకూ ఒడియా వారికీ కండరమే గుర్తొస్తుంది. సిరొంచలో చదివిన పిల్ల గుణుపురం పిల్లతో మాట్లాడితే కణం కండరమైపోతుంది. అందుకని ప్రోటీన్, సైక్లిన్ అన్న మాటలను అలాగే వాడి, చుట్టూ ఉన్న వాక్యాన్ని మాత్రం మంచి తెలుగులో రాయడమే మేలని నా అభిప్రాయం. వాడుక భాష కోసం గిడుగు రామమూర్తి పంతులు గారు పోరాడింది మా ఊరి బడిలో పాఠాలు చెప్పిన అనుభవంతోనే. ఈ చర్చ చదువుతుంటే ఆయన గుర్తొచ్చారు.

ప్రాణహిత తీరం (సిరొంచ) – మంగళవారం, సాయంత్రం 7:05

పేశి సంగతి నూటికి నూరుపాళ్లు నిజం. ఇక్కడి పిల్లలకు ప్రతి ఏడూ ఇదే చిక్కు.

నా ప్రశ్న వేరు. ఇంత నాశనానికి ఖర్చెంత? మనిషి సైక్లిన్ బీ1లో 433 అమైనో ఆమ్లాలు. వాటిని కలిపే ఒక్కో బంధానికి సుమారు నాలుగు అధికశక్తి ఫాస్ఫేటు బంధాలు ఖర్చు. ఒక్క అణువుకు 1,700 పైచిలుకు. ముద్ర వేయడానికి ఏటీపీ (కణానికి శక్తినిచ్చే అణువు), పీపాలోకి తోయడానికి మళ్లీ ఏటీపీ. ఇంత ఖర్చు చేసేది వేగం, తిరుగులేనితనం కోసమేనా?

జయపురం డాక్టరు (జయపురం) – మంగళవారం, రాత్రి 9:50

సిద్ధంగా ఉండటం కోసం కూడా. పీ53 అనే ప్రోటీన్‌ను చూడండి. డీఎన్‌ఏ దెబ్బతింటే కణచక్రాన్ని ఆపేది అదే. మామూలు కణంలో అది ఎప్పుడూ తయారవుతూనే ఉంటుంది, ఎండీఎం2 అనే మరో ప్రోటీన్ దానికి ఎప్పటికప్పుడు ముద్ర వేసి నాశనం చేయిస్తూనే ఉంటుంది. అర్ధాయువు 20 నిమిషాల దరిదాపు. కుళాయి, తూము రెండూ తెరిచి ఉన్న తొట్టి. డీఎన్‌ఏ తెగిందనగానే తూము మూస్తారు, అంతే. జన్యువును కొత్తగా మేల్కొలిపే దాకా ఆగనక్కరలేదు, మట్టం దానంతట అదే లేస్తుంది. ప్రమాదంలో నిమిషాలు కలిసొస్తాయి.

ఈ ఏర్పాటును వైరస్ కూడా కనిపెట్టింది. గర్భాశయ ముఖద్వార కాన్సరు తెచ్చే పాపిలోమా వైరస్ తన ఈ6 ప్రోటీన్‌తో కణంలోని మరో ముద్రలు వేసే ఎంజైమును పట్టుకుని, పీ53 మీదకు మళ్లిస్తుంది. కాపలాదారుకే ముద్ర పడుతుంది. ఆడపిల్లల తల్లిదండ్రులు ఎవరైనా ఇది చదువుతుంటే, ఆ వైరస్‌కు టీకా ఉంది, మీ డాక్టరును అడగండి.

శారద (బరంపురం) – మంగళవారం, రాత్రి 11:40

నేను ఇక్కడ ఎప్పుడూ రాయలేదు. చదువుతూ ఉంటాను. మా అమ్మకు రొమ్ము కాన్సరు. పాల్బోసిక్లిబ్ అనే మాత్ర ఇస్తున్నారు. 21 రోజులు వేసుకోవాలి, 7 రోజులు ఆపాలి. మందు కాగితం మీద సీడీకే అన్న మాట చూశాను. ఇదేమిటని అడిగితే కణాలు పెరగకుండా చేస్తుందని ఒక్క ముక్క చెప్పారు. ఈ చర్చ చూసి మొదటిసారి ఆ మాటకు అర్థం ఉందనిపించింది. ఆ మాత్ర సైక్లిన్‌ను నాశనం చేస్తుందా? ఏడు రోజులు ఆపితే కాన్సరు మళ్లీ పెరగదా? రాత్రిళ్లు ఇదే భయం.

జయపురం డాక్టరు (జయపురం) – బుధవారం, ఉదయం 5:55

అమ్మా శారదా, లేవగానే మీ మాట చూశాను.

ఆ మాత్ర సైక్లిన్‌ను నాశనం చేయదు. పైన అందరం మాట్లాడుకున్నది సైక్లిన్ బీ గురించి, అది విభజన ద్వారం దగ్గరిది. మీ అమ్మగారి మందు పనిచేసేది చాలా ముందు, కణం విభజనకు పూనుకోవాలా వద్దా అని తేల్చుకునే చోట. అక్కడ సైక్లిన్ డీ, సీడీకే 4, సీడీకే 6 ఉంటాయి. ఆర్‌బీ అనే ప్రోటీన్ మామూలుగా కణాన్ని పట్టి ఆపుతుంది. సైక్లిన్ డీ జంట దానికి ఫాస్ఫేట్లు తగిలించి ఆ పట్టు సడలిస్తుంది. కొన్ని రొమ్ము కాన్సర్లలో సైక్లిన్ డీ1 జన్యువు ఎక్కువ ప్రతులుగా పెరిగిపోయి ఉంటుంది. కుళాయి ఎవరో విరగ్గొట్టినట్టు. హార్మోను కూడా అదే కుళాయిని తెరుస్తుంది, అందుకే ఈ మాత్రతో పాటు హార్మోను మందు కూడా ఇస్తారు. మాత్ర సీడీకేలోని ఏటీపీ కూర్చునే గూటిలో తాను కూర్చుంటుంది. సైక్లిన్ ఎంత ఉన్నా ఎంజైము పనిచేయలేదు.

ఏడు రోజుల విరామం ఎముక మజ్జ కోసం. రక్తకణాలు కూడా విభజన చెందాలి కదా, మందు వల్ల తెల్ల రక్తకణాలు తగ్గుతాయి. విరామంలో అవి కోలుకుంటాయి. ఆ పద్ధతిలోనే ఈ మందును పరీక్షించి 2015లో అమెరికాలో అనుమతించారు, కాబట్టి విరామం చికిత్సలో భాగమే, లోపం కాదు. జ్వరం వస్తే మాత్రం ఒక్క పూట కూడా ఆగకుండా డాక్టరుకు చూపించండి. రక్తపరీక్ష చెప్పిన రోజున తప్పక చేయించండి. అమ్మగారి చికిత్సలో మార్పులన్నీ ఆమెను చూస్తున్న డాక్టరే నిర్ణయించాలి. ఈ ప్రశ్నలే కాగితం మీద రాసుకుని వెళ్లి అడగండి, తప్పకుండా అడగండి.

శారద (బరంపురం) – బుధవారం, ఉదయం 8:15

డాక్టరు గారూ, చాలా ధన్యవాదాలు. అమ్మకు చదివి వినిపించాను. మా నాన్నది మగ్గం పని, కుళాయి విరిగిన పోలిక కన్నా కండె పోలిక అమ్మకు బాగా నచ్చింది. నూలు తెగితే మగ్గం ఆపుతాం కదా, అలాగే కణమూ ఆగుతుందా అంది.

కణ పరిశోధిని (పర్లాకిమిడి) – బుధవారం, ఉదయం 9:00

అమ్మగారికి నా నమస్కారం చెప్పండి. సరిగ్గా అలాగే ఆగుతుంది.

మాస్టారికి ఒక హెచ్చరిక. మట్టమే సర్వస్వమని పిల్లలు అనుకోకూడదు. సైక్లిన్ బీకి జతయ్యే సీడీకే1 మట్టం చక్రమంతా ఇంచుమించు ఒకేలా ఉంటుంది. సైక్లిన్ బీ పోగవుతున్నప్పుడు కూడా జంట వెంటనే పని మొదలుపెట్టదు, వీ1 అనే ఎంజైము ఫాస్ఫేటు తగిలించి దాన్ని పట్టి ఉంచుతుంది. సీడీసీ25 ఆ ఫాస్ఫేటు తీసేయగానే జంట ఒక్కసారిగా మేల్కొంటుంది. పాల్ నర్స్ ఎడిన్‌బరోలో ఈస్టు కణాలు చూస్తుండగా కొన్ని మరీ చిన్నగా ఉండి కూడా విడిపోతున్నాయి. ఆ లోపం ఉన్న జన్యువుకు వీ అని పేరు పెట్టాడు, స్కాట్లండ్ వారి భాషలో చిన్న అని అర్థం. పట్టి ఉంచేది లేకపోతే కణం ఎదగకముందే విడిపోతుంది. మెల్లగా పోగుచేయడం, ఒక్కసారి వదలడం, ఒక్కసారి కూల్చడం, మూడూ కావాలి.

వంశధార మాస్టారు (గుణుపురం) – గురువారం, రాత్రి 8:20

ఈ రోజు తరగతిలో చెప్పాను. బకెట్టుకు అడుగున చిల్లు పెట్టి, కుళాయి కింద ఉంచి, కర్ర స్కేలుతో మట్టం కొలిపించాను. చిల్లు మూసి కుళాయి కడితే నీరు ఎక్కడిదక్కడే నిలిచింది. చిల్లు పెద్దది చేస్తే చూస్తుండగానే దిగిపోయింది. ఆ తరువాత కప్ప గుడ్ల ప్రయోగం, సెక్యూరిన్, బిళ్లగన్నేరు అన్నీ చెప్పాను. ఇన్నేళ్లుగా చెబుతున్న తప్పును పిల్లల ముందే సరిదిద్దుకున్నాను.

ఆ అమ్మాయి లేచి బల్లపై గీత గీసింది. మెల్లగా ఎక్కే వాలు, చివర్లో నిట్టనిలువుగా దిగుడు. అది చాలాసేపు చూసి మళ్లీ అడిగింది: "అన్నిటినీ కూల్చే ఏపీసీని ఎవరు ఆపుతారు సార్? అది ఆగకపోతే తరువాతి సైక్లిన్ ఎలా పోగవుతుంది?"

నాకు తెలియదు, అడిగి చెబుతానన్నాను. తల్లీ, మళ్లీ మీ దగ్గరకే వచ్చాను.

కణ పరిశోధిని (పర్లాకిమిడి) – గురువారం, రాత్రి 9:45

మాస్టారూ, ఆ అమ్మాయిని ఈ దారి వదలనివ్వకండి. ఆమె అడిగింది ఈ రంగంలో ఎందరో ఏళ్ల తరబడి పట్టుకున్న ప్రశ్న.

విభజనలో ఏపీసీకి సహాయకుడు సీడీసీ20. సైక్లిన్ పోయాక సీడీహెచ్1 అనే రెండో సహాయకుడు వస్తాడు. సైక్లిన్-సీడీకే బలంగా ఉన్నంతసేపు అతనికి ఫాస్ఫేట్లు తగిలించి దూరంగా ఉంచుతుంది, అది పోగానే అతను చేరతాడు. చేరి, పాత సహాయకుడైన సీడీసీ20కే ముద్ర వేయిస్తాడు. కొత్త కణం మొదటి దశ అంతా సైక్లిన్ లేవకుండా చూసేది ఈ రెండో జంటే.

ఇక దాన్ని ఆపేది ఏమిటంటే, ఏపీసీ ముద్రలు వేయాలంటే యుబిక్విటిన్‌ను అందించే చేయి ఒకటి కావాలి, యూబీసీహెచ్10 అనే ప్రోటీన్. కూల్చవలసినవి ఉన్నంతకాలం ఏపీసీ వాటి మీదే పనిచేస్తుంది. అవి అయిపోయాక, తనకు ముద్రలు అందిస్తున్న ఆ చేతికే ముద్ర వేస్తుంది. 2004లో మైకేల్ రేప్, కిర్ష్‌నర్ ఇది చూపించారు. అందించే చేయి పోయాక ఏపీసీ నీరసిస్తుంది, 'సైక్లిన్ ఏ' అనే మరో రకం సైక్లిన్ మెల్లగా పోగవుతుంది. పోగైన సైక్లిన్ ఏ జంట సీడీహెచ్1కు ఫాస్ఫేటు తగిలించి పక్కకు తోస్తుంది. తూము మూసుకుంటుంది, తొట్టి మళ్లీ నిండడం మొదలవుతుంది.

ఇంకో పది రోజులు ఊళ్లోనే ఉంటాను. పర్లాకిమిడి నుంచి గుణుపురం ఎంత దూరం! వచ్చే శుక్రవారం మీ తరగతికి రానిస్తారా? ఉల్లిపాయలు మంగళవారమే నీటి మీద పెట్టించండి, శుక్రవారం పొద్దున్నే కోసే వేర్లు నాకు కావాలి.